నాన్న చెప్పని సాక్ష్యం

మా నాన్న దివిసీమలో నాగాయలంకకి దగ్గర్లో ఉన్న ఒక చిన్న చర్చిలో నలభై ఏళ్లు పాస్టరుగా ఉన్నాడు. ఊరంతా అయ్యగారు అనే పిలిచేవాళ్లు. ఆదివారం ఆరాధన చివర్లో సాక్ష్యాలు చెప్పే సమయం ఉండేది. జ్వరం తగ్గిందనీ, తప్పిపోయిన గేదె దొరికిందనీ, కూతురికి సంబంధం కుదిరిందనీ ఒక్కొక్కరే లేచి చెప్పి కూర్చునేవాళ్లు. నాన్న అన్నిటికీ ఆమెన్ అనేవాడు కాదు. కొన్నిటికి ఊరికే తలూపి తర్వాతివాళ్లని పిలిచేవాడు. నేను ముందు చాప మీద కూర్చుని, దేనికి అంటాడు, దేనికి అనడు అని చూస్తుండేదాన్ని. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "నేను చూడనిదానికి నేనెలా పూచీ పడతానే?" అన్నాడు.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు అమ్మకి కామెర్లు వచ్చి ముదిరిపోయాయి. సంఘమంతా ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. పగలంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా నేనూ చేశాను. ఇరవై రెండో రోజు పొద్దున అమ్మ పోయింది. ఆ వచ్చిన ఆదివారం నాన్న ఎప్పటిలాగే వాక్యం చెప్పడానికి వెళ్లాడు. నేను వెళ్లలేదు. దేవుడు ఉన్నాడా అని అడిగాం, జవాబు వచ్చేసింది, ఇక అడగాల్సిన పని లేదు అనుకున్నాను. రమ్మని నాన్న బలవంతం చెయ్యలేదు. ఆ సంగతి మళ్లీ మా ఇద్దరి మధ్యా రాలేదు. అలా ముప్పై ఏళ్లు గడిచిపోయాయి.

ఈలోగా నేను డిగ్రీ చేసి, కృత్తివెన్నులో ఒక ఆక్వా ల్యాబ్‌లో చేరాను. రైతులు చెరువు నీళ్లూ రొయ్యలూ తెస్తారు, వాటికి పరీక్షలు చేసి ఏ జబ్బుందో చెప్పడం నా పని. మా ఆయన చిలకలపూడిలో గిల్టు నగలకి పూత వేసే పని చేస్తాడు. కాపురం బందరులో. నాన్న మాత్రం చర్చి పక్కన పెంకుటింట్లోనే ఉండేవాడు, ఎంత పిలిచినా వచ్చేవాడు కాదు.

మూడేళ్ల కిందట ఒక వేసవి ఉదయం నాన్న నాగాయలంక సెంటర్లో చేపలు కొనడానికి వెళ్లాడు. అక్కడ చేపలమ్మే అక్క మాకు ఎప్పట్నుంచో తెలుసు. వాళ్ల ఇంట్లో మగవాళ్లంతా సముద్రం మీద వేటకి వెళ్తారు. ఇరవై ఏళ్లుగా ఆమె ఒకే చోట గంప పెట్టుకుని కూర్చుంటోంది. ఆ రోజు నాన్న పండుగప్ప చేపని వేలితో చూపించి, "ఆ గొడుగు ఇవ్వమ్మా" అన్నాడట. ఆమె నవ్వి, గొడుగేంటి అయ్యగారూ అంది. నాన్న మళ్లీ గొడుగు అన్నాడు, ఈసారి కొంచెం కోపంగా. అప్పుడు చూసిందట మూతి కుడివైపు జారడం. గంప అక్కడే వదిలేసి ఆటో పిలిచి, తనే పక్కన కూర్చుని అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కణ్ణుంచి అంబులెన్సులో బందరు తెచ్చారు. అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు.

నేను ఆసుపత్రికి వెళ్లేసరికి చేపలక్క వరండాలో నేల మీద కూర్చుని ఉంది. అమ్మవారే నా కళ్లు తెరిపించిందమ్మా, లేకపోతే నవ్వి ఊరుకుందును అంది. సాయంత్రం మా సంఘపెద్ద వచ్చాడు. ఆయన్ని నేను చిన్నప్పట్నుంచీ మావయ్యా అంటాను. ప్రభువే ఆమెని ఆ టయానికి అక్కడ కూర్చోబెట్టాడు అన్నాడు మావయ్య. ఆమె ఇరవై ఏళ్లుగా అక్కడే కూర్చుంటోంది కదా అని నాకు అనిపించింది కానీ, పైకి అనలేదు. ఇద్దరూ నాన్న కోసం అన్నం మానేసి కూర్చున్నవాళ్లే.

నాన్న బతికాడు. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పోయింది. మనం అన్నదంతా అర్థమవుతుంది. తను అనాలనుకున్నది మాత్రం నోటికి రాదు. ఒకే ఒక్క మాట మిగిలింది: "అదే." ఆకలేసినా అదే, బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా అదే, కోపమొచ్చినా అదే. నలభై ఏళ్లు ఊరందరి తరఫునా దేవుడితో మాట్లాడిన మనిషి బందరులో మా ఇంటి ముందు గదిలో మంచం మీద కూర్చుని, మంచినీళ్ల గ్లాసు చూపిస్తూ అదే, అదే అంటుంటే, మా ఆయన కూడా వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

నాకు ఏడుపు కన్నా ముందు పంతం వచ్చింది. మాట తెప్పించాల్సిందే అనుకున్నాను. గుడివాడలో స్పీచ్ థెరపీ చేసే ఒక అమ్మాయి ఉందని తెలిసింది. మంగళవారం, శుక్రవారం తీసుకురమ్మంది. ఆ రెండు రోజులూ సెలవు తీసుకుని, వాటికి బదులు ఆదివారాలూ మిగతా సాయంత్రాలూ ల్యాబ్‌లో పని చేస్తానని మా మేనేజరుతో ఒప్పందం చేసుకున్నాను. ఆదివారం నాకు వేరే పని లేదు కదా.

ఇంకో పంతం కూడా పట్టాను. అది ఎవరికీ చెప్పలేదు, నాన్నకి తప్ప. అమ్మ కోసం అడిగినప్పుడు చిన్నపిల్లలా అడిగాను. ఈసారి సరిగ్గా అడుగుదాం, ల్యాబ్‌లో పరీక్ష పెట్టినట్టు పెడదాం అనుకున్నాను. ఒక నోట్‌బుక్‌లో షరతులు రాశాను. రోజూ ఉదయం పది నిమిషాలు మనసుపెట్టి ప్రార్థన చెయ్యాలి. క్రిస్మస్ లోపల నాన్న నన్ను పేరు పెట్టి పిలవాలి. సగం పేరు లెక్కలోకి రాదు. ఎవరో చెబితే వెనక అనడం లెక్కలోకి రాదు. పిలిస్తే దేవుడున్నాడని ఒప్పుకుని చర్చికి వెళ్తాను. పిలవకపోతే ఇక జన్మలో అడగను. నాన్న వినకుండా ఇలాంటిది పెట్టడం న్యాయం కాదనిపించి చదివి వినిపించాను. ఎడమవైపు పెదవి కొంచెం కదిలింది. నవ్వాడో, బాధపడ్డాడో నాకు తెలియలేదు.

ముప్పై ఏళ్ల తర్వాత ప్రార్థన చెయ్యడం కష్టంగానే ఉండేది. మాటలన్నీ నాన్నవే నోటికొచ్చేవి. అయినా ఒక్క రోజు కూడా మానలేదు. మంగళవారం, శుక్రవారం చిలకలపూడి స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కేవాళ్లం. మా ఆయన వచ్చి నాన్నని ఎక్కించి పనికి వెళ్లేవాడు. పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటుకుంటూ గుడివాడ చేరేవాళ్లం. ఆ అమ్మాయి నాన్నని తాతగారూ అని పిలిచేది. బొమ్మలు చూపించేది. అవుననడానికి బొటనవేలు ఎత్తాలనీ, కాదనడానికి అరచెయ్యి చూపించాలనీ నేర్పింది. నన్ను కూడా కూర్చోబెట్టి, ఎందుకు ఎలా అని అడక్కండి, అవును కాదు అని తేలే ప్రశ్నలే అడగండి అని చెప్పింది. నాన్న ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. చెమటలు పట్టేదాకా బొమ్మల వైపు చూస్తూ ప్రయత్నించేవాడు. వచ్చేది అదే అనే మాటే.

శ్రావణ మాసంలో ఒక శుక్రవారం. కవుతరం దాటాక పొలాల్లో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. నాన్న కిటికీలోంచి వాళ్లని చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి పాట మొదలుపెట్టాడు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పాడుకునే కీర్తన. రెండు చరణాలు, ఒక్క మాట తడబడకుండా, ఒక్క అక్షరం మింగకుండా పాడాడు. ఎదురు సీటులో ఫోన్ చూసుకుంటున్నాయన ఫోన్ ఆపేశాడు. పాట అయిపోగానే నాన్న మోకాళ్లు పట్టుకుని, "నాన్నా, నా పేరు చెప్పు" అన్నాను.

నాన్న నా ముఖంలోకి చూసి అదే అన్నాడు.

గుడివాడలో ఆ అమ్మాయికి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆమె సంతోషించింది కానీ ఆశ్చర్యపోలేదు. మాటలు ఉండే చోటు దెబ్బతిన్నా పాటలు చాలామందికి మిగులుతాయనీ, పాట మెదడులో వేరేవైపు కూడా ఉంటుందనీ చెప్పింది. ఇక నుంచి మాటల్ని పాటలోకి ఎక్కించి నేర్పిద్దాం అంది. నాకు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. తిరుగు రైల్లో ఆ కోపం గురించే ఆలోచించాను. నేను ఎటూ మొగ్గకుండా పరీక్ష పెట్టానని అనుకుంటున్నాను కదా, ఆమె కారణం చెబితే నాకెందుకు కోపం రావాలి? నాకు ఫలానా జవాబే కావాలని ముందే ఉంది. ఆ సంగతి నోట్‌బుక్‌లో ఎక్కడా రాసుకోలేదు.

ఆ అమ్మాయి చిన్న చిన్న మాటలకి రాగం కట్టింది. ఎడమ చేత్తో మోకాలి మీద తాళం వేస్తూ అనాలి. "నీళ్లు కావాలి." "ఇంటికెళ్దాం." స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు పనికొస్తుందని, "ఇంకా రాలేదు." నాన్నకి ఆఖరిది ముందొచ్చింది. చిలకలపూడి స్టేషన్‌లో రైలు కోసం చూస్తూ మోకాలి మీద తడుతూ, ఇం, కా, రా, లే, దు అని పాడేవాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. నాన్న కూడా నవ్వేవాడు.

పాట సంగతి ఊరికి చేరిపోయింది. దసరా సెలవుల్లో మావయ్య బందరు వచ్చాడు. సంఘంలో కృతజ్ఞతా కూడిక పెడుతున్నాం, అయ్యగారు వచ్చి సాక్ష్యం ఇవ్వాలి అన్నాడు. దేవుడు మూగ నోరు తెరిచాడని చుట్టుపక్కల ఊళ్లకి కూడా కబురు పెట్టారట. ఇంకా మాట రాలేదు మావయ్యా, పాట ఒక్కటే వస్తోంది, దానికి కారణం కూడా ఉందట అని చెప్పాను. కారణం ఎవరు పెట్టారమ్మాయ్ అన్నాడు. వెళ్లకూడదనే అనుకున్నాను. నాన్నని జనం ముందు కూర్చోబెట్టి చూపించడం నాకు ఇష్టం లేదు. కానీ వెళ్లాల్సింది తను కదా అని నాన్ననే అడిగాను. బొటనవేలు ఎత్తాడు.

చర్చి నిండిపోయి బయట టెంటు వేశారు. నేను ముప్పై ఏళ్ల తర్వాత ఆ గుమ్మం తొక్కాను. నాన్నని బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి నేను వెనక నిలబడ్డాను. చేపలక్క కూడా వచ్చింది. లోపలికి రాకుండా కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది. మావయ్య మైకు తీసుకుని, వైద్యులు వదిలేసిన మనిషిని ప్రభువు మాట్లాడించాడని చెప్పాడు. వైద్యులెవరూ వదిలెయ్యలేదు. తర్వాత నాన్నని పాడమన్నారు. నాన్న పాడాడు, అదే కీర్తన. చర్చంతా ఏడ్చింది. అబద్ధం ఎందుకు, నేనూ ఏడ్చాను.

పాట అయ్యాక మావయ్య మైకు నాన్న నోటి దగ్గర పెట్టి, "అయ్యగారూ, ప్రభువు మీకు మాట ఇచ్చాడని ఒక్క మాట చెప్పండి" అన్నాడు.

నాన్న మైకు వైపు చూశాడు. జనం వైపు చూశాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. అదే అని వస్తుందని నేను భయపడ్డాను. నాన్న ఎడమ చెయ్యి మోకాలి మీదికి వెళ్లింది. తాళం మొదలైంది. రైలు స్టేషన్లో పాడినట్టే, అదే రాగంలో, నెమ్మదిగా, అందరికీ వినపడేలా అన్నాడు. "ఇంకా రాలేదు."

పాడిన నోటితోనే, అంతమంది ఎదురుచూస్తుంటే, మాట రాలేదని చెప్పాడు. నాన్న ఇంకోసారి అన్నాడు, ఇంకా గట్టిగా. మావయ్య తేరుకుని, ఇంకా సంపూర్ణంగా రాలేదు, వస్తుందని అయ్యగారు విశ్వాసంతో చెబుతున్నారు, ఆమెన్ అనండి అన్నాడు. అందరూ అన్నారు. నాన్న అరచెయ్యి చూపించాడు, కాదని. దాని అర్థం అక్కడ నాకొక్కదానికే తెలుసు. దీవించడానికి చెయ్యెత్తాడనుకుని ముందు వరసలో ఆడవాళ్లు తలలు వంచారు.

బయటికి వచ్చాక మావయ్య మీద అరవాలనే వెళ్లాను. ఆయన చర్చి వెనక ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, "మేం వాక్యమంతా ఆయన నోటే విన్నాం అమ్మాయ్. ఆ నోరే పోతే మేం విన్నదంతా ఏమైనట్టు?" అన్నాడు. నేను అరవలేకపోయాను. ఆటో దగ్గర చేపలక్క నాన్న చెప్పులు సరిచేస్తూ, మాట రాలేదన్న మాట వచ్చింది కదమ్మా, అదీ మాటే అంది. తిరిగి వస్తున్నంతసేపూ నాకు ఒకటే సంగతి తెలిసొస్తోంది. నాన్న అన్నది ఒకటే మాట. మావయ్య దాన్ని విశ్వాసం అని విన్నాడు. నేను నిజాయితీ అని విన్నాను, నా పక్షం మాట్లాడాడని లోపల్లోపల పొంగిపోయాను కూడా. ఎవరికి కావాల్సింది వాళ్లం పట్టుకెళ్లాం. నాన్న ఏమనుకుని అన్నాడో ఎవరమూ అడగలేదు.

ఆ వారమే ల్యాబ్‌కి ఒక రైతు వచ్చాడు. తెల్లమచ్చ ఉందేమో చూడండి అన్నాడు. మిగతా జబ్బులకి కూడా చూద్దాం అంటే, వద్దండీ, నాకు తెలుసు, అదొక్కటీ చూడండి చాలు అన్నాడు. చూశాం. లేదు. ఆయన ధైర్యంగా వెళ్లిపోయాడు. పది రోజులకి చెరువు మొత్తం పోయింది, వేరే జబ్బుతో. అలాంటివాళ్లని ఏడాదికి నలుగురైదుగుర్ని చూస్తాను. ఎప్పుడూ మనసులో తిట్టుకునేదాన్ని. ఈసారి తిట్టుకోలేకపోయాను. ఇంటికి వెళ్లి నోట్‌బుక్ తీసి నా షరతులు మళ్లీ చదివాను. నేను చెప్పిన గడువులో, నేను చెప్పిన పని, నేను చెప్పిన పద్ధతిలో చేసే దేవుడున్నాడా అని మాత్రమే అడిగాను. అమ్మ కోసం అడిగినప్పుడూ అంతే అడిగాను. అలాంటివాడు లేడని తేలితే తేలుతుంది. అసలు అలాంటివాడే ఉండాలని నాకెవరు చెప్పారు? నాన్న చెప్పాడా? గుర్తు చేసుకుంటే, చెప్పినట్టు ఎక్కడా లేదు.

అయినా పరీక్ష మధ్యలో ఆపలేదు. మొదలుపెట్టిన పరీక్ష పూర్తి చెయ్యడం నా అలవాటు. క్రిస్మస్ వచ్చింది. నాన్నకి ఇరవై దాకా మాటలు వచ్చాయి. నా పేరు రాలేదు. మర్నాడు ఉదయం నోట్‌బుక్‌లో "రాలేదు" అని రాసి, నాన్న పక్కన కూర్చుని చూపించాను. నాన్న తలూపాడు.

అప్పుడు అడగడం మొదలుపెట్టాను, ముప్పై ఏళ్లుగా అడగనిది. అవును కాదు అని తేలేలా అడిగాను.

"క్రిస్మస్ లోపు నా పేరు వస్తుందని నువ్వు అనుకున్నావా?"

అరచెయ్యి చూపించాడు.

"అమ్మ బతుకుతుందని అనుకున్నావా?"

తల దించుకున్నాడు. తర్వాత అరచెయ్యి చూపించాడు.

ఇరవై ఒక్క రోజులూ ముందు నిలబడి ప్రార్థన చేయించింది ఆయనే. మరెందుకు చేశావు అని అరిచాను. ఆ ప్రశ్నకి చేతితో జవాబు ఉండదు. నాన్న నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. నేను తమాయించుకుని ఒక్కొక్కటే విడదీసి అడిగాను. జనం కోసం చేశావా? కాదు. నా కోసమా? కాదు, కొంచెం ఆగి, సగం అవునన్నట్టు. భయమా? కాదు. "అమ్మ అలా ఉంటే ఒక్కడివే ఉండలేక, ఎవరో ఒకరు పక్కనుండాలని చేశావా?"

నాన్న వేలూ ఎత్తలేదు, అరచెయ్యీ చూపించలేదు. నా చెయ్యి పట్టుకుని, "అదే" అన్నాడు.

అది జవాబో, నోట్లో మిగిలిపోయిన మాటో నాకు తెలియదు. ఆ శుక్రవారం గుడివాడలో ఆ అమ్మాయిని అడిగాను. ఒక్కోసారి అది నిజంగానే మాట అవుతుందండీ, ఒక్కోసారి కాదు, ఆ క్షణంలో ముఖం చూసినవాళ్లకే తెలియాలి అంది. నేను చూశాను. ఒక రోజు అవుననిపిస్తుంది, ఒక రోజు కాదనిపిస్తుంది. ఏ రోజు ఏది అనిపిస్తోందో గమనించుకుంటే, ఆ రోజు నాకేది కావాలో తెలిసిపోతోంది.

అయితే ఇక జన్మలో అడగను అన్న షరతు మాత్రం కొట్టేశాను. నోట్‌బుక్‌లో కొత్త పేజీ మొదలుపెట్టాను. గుడివాడ వెళ్లినప్పుడల్లా రైల్లో నాన్నని ఒక ప్రశ్న అడుగుతాను. అడిగేముందు, నాన్న ఏమంటాడని నేను అనుకుంటున్నానో రాస్తాను. తర్వాత ఆయన చూపించింది పక్కన రాస్తాను. నా ఎదురుచూపు జవాబుని ఎటు లాగుతోందో నాకు కనపడాలి. అది తెలియకుండా దేవుడి గురించి నేను ఏం కనిపెట్టినా నమ్మను. ఇప్పటిదాకా రాసినవాటిలో చాలావరకు నా అంచనా తప్పింది. వాక్యం చెప్పేటప్పుడు దేవుడు పక్కనున్నట్టు అనిపించేదా అంటే కాదన్నాడు. చేపలక్క మొక్కే అమ్మవారు అబద్ధమా అంటే చేత్తో ఊగించి చూపించాడు, అటూ కాదు ఇటూ కాదని. ఆమె తెచ్చిన ప్రసాదం మాత్రం తిన్నాడు.

నేను ఇంకా చర్చికి వెళ్లడం లేదు. మావయ్య అప్పుడప్పుడు ఫోన్ చేసి నాన్న చేత పాడించుకుని వింటాడు. ఇప్పుడు సాక్ష్యం అనే మాట ఎత్తడు.

మొన్న మంగళవారం పెడన దాటాక, చాలా రోజులుగా వాయిదా వేస్తున్న ప్రశ్న అడిగాను. నేను నమ్మకపోవడం నీకు బాధగా ఉండేదా అని. అడిగేముందు అవును అని రాశాను. ఆ ఒక్కటి మాత్రం ఖాయం అనుకున్నాను. నాన్న అరచెయ్యి చూపించాడు. అర్థం కాలేదేమోనని మళ్లీ అడిగాను. మళ్లీ అరచెయ్యే. తర్వాత కిటికీ వైపు తిరిగి పొలాలు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను రాసిన అవును పక్కన కాదు అని రాశాను. ముప్పై ఏళ్లు ఆయన తరఫున ఆ బాధ నేనే మోశాను.

గుడివాడలో దిగేటప్పుడు చెయ్యి అందించబోతే వద్దన్నాడు. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, ముందు మంచి కాలు కింద పెట్టి, రెండోది ఈడ్చుకుని, తనే దిగాడు. వెనక జనం తొందరపెడుతున్నారు. ఆగండి, ఆయన దిగుతున్నాడు అని చెప్పి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.